గల్ఫ్‌లో నాన్న.. కథలాపూర్‌లో ఇల్లు: అందరి ఫోన్లలో ఒకే క్యాలెండర్.. ఇలా పెట్టుకోండి!

జగిత్యాల జిల్లా కథలాపూర్, కోరుట్లతో పాటు సిరిసిల్ల వైపు పల్లెల నుంచి గల్ఫ్‌కు పోయినవాళ్లు ఎక్కువే. పిల్లల ఫీజు, అమ్మ మందులు, చిట్టీ కిస్తీ.. వాట్సాప్‌లో చెప్పిన తేదీ నాలుగు రోజులకే మెసేజ్‌ల కింద పడిపోతుంది. ఈ ఇబ్బందికి గూగుల్ క్యాలెండర్ ఉచితంగా పనికొస్తుంది.

ఏది వాడాలి?
గూగుల్ ఫ్యామిలీ గ్రూప్‌లో అందరూ ఒకే దేశంలో ఉండాలన్నది రూల్. అందుకే గల్ఫ్ కుటుంబాలు మామూలు క్యాలెండర్‌నే షేర్ చేసుకోవడం మేలు.

ఎలా పెట్టాలి?
కంప్యూటర్‌లో గూగుల్ క్యాలెండర్ తెరిచి ‘ఇల్లు’ పేరుతో కొత్త క్యాలెండర్ చేయాలి. సెట్టింగ్స్‌లో ఇంట్లోవాళ్ల జీమెయిల్ చేర్చి, మార్పులు చేసే పర్మిషన్ ఇవ్వాలి. వాళ్లు మెయిల్‌కు వచ్చిన లింక్ నొక్కితే చాలు.

టైమ్ తేడా ఎలా?
మనకంటే దుబాయ్ గంటన్నర వెనక. సౌదీ, ఖతార్, కువైట్ రెండున్నర గంటలు వెనక. ఇక్కడ రాత్రి 9కి పెట్టిన వీడియో కాల్ దుబాయ్ ఫోన్‌లో 7:30కి, సౌదీ ఫోన్‌లో 6:30కి కనిపిస్తుంది. లెక్కలు వేసుకునే పని లేదు.

పాస్‌పోర్ట్ మరవొద్దు
గల్ఫ్ ప్రయాణానికి సాధారణంగా పాస్‌పోర్ట్‌కు కనీసం 6 నెలల గడువు మిగిలి ఉండాలి. రెన్యువల్‌కు ఏడాది ముందు నుంచే అప్లై చేయొచ్చు. కాబట్టి గడువు తీరే తేదీతో పాటు, దానికి ఏడాది ముందు తేదీని కూడా ఎక్కించుకోవాలి. ఆ రోజు ఇంట్లో ఏ ఒక్కరు చూసినా పని ఆగదు.

బ్యాంక్ పిన్, పాస్‌వర్డ్‌లు మాత్రం ఇందులో రాయొద్దు.