ఎత్తే చేతుల లెక్కేది?

పేదల వాడల్లో పారిశుద్ధ్యం మాటెత్తితే చాలు, ప్రభుత్వాలు మరుగుదొడ్లు లెక్కపెడతాయి. ఎన్ని కట్టాం, ఎంత ఖర్చుపెట్టాం అని చెప్తాయి. నిండినాక వాటిని ఎత్తేదెవరన్నది మాత్రం ఏ లెక్కలోనూ ఉండదు. పారిశుద్ధ్య చరిత్రను ఆ ప్రశ్న దగ్గర్నించే తిరిగి రాయాలని మేం అంటున్నాం.

కోలారు బంగారు గనుల్నే తీసుకుందాం. 1880లో జాన్ టేలర్ కంపెనీ అక్కడ అడుగుపెట్టింది. 1902లోనే శివసముద్రం నుంచి గనులకి కరెంటొచ్చింది. కార్మికుల లైన్లలో మాత్రం 1990ల దాకా పాకీదొడ్లే. వాటిలోని మలాన్ని చీపురుతో, రేకుతో బకెట్లకెత్తింది తెలుగు మాట్లాడే తోటి కులస్తులు. బెజవాడ విల్సన్ 1966లో అలాంటి కుటుంబంలోనే పుట్టారు. తండ్రీ, అన్నా చేసిన పని అదే. అంతదూరం నుంచి కరెంటు తెచ్చిన ఇంజనీర్లకి నీళ్ళ దొడ్డి కట్టడం తెలీకనా? ఎత్తే కులం చేతికందేంత దగ్గర్లో ఉంటే ఆ ఖర్చెందుకనుకున్నారు.

1993లో పార్లమెంటు పాకీపనిని నిషేధించింది. ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లో అది అమల్లోకొచ్చింది 1997 జనవరి 26న. చట్టం కాగితం దాటడానికే నాలుగేళ్ళు పట్టింది. 2003లో సఫాయి కర్మచారి ఆందోళన్ సుప్రీంకోర్టుకెళ్ళింది. మా దగ్గర పాకీదొడ్లే లేవని రాష్ట్రాలు బుకాయిస్తే, ఆందోళన్ ఫోటోలు ముందుపెట్టింది. 2014 మార్చి 27న తీర్పొచ్చింది. 1993 నుంచి మురుగు పనుల్లో చనిపోయిన ప్రతి మనిషి కుటుంబానికీ 10 లక్షలివ్వమంది కోర్టు. 2023లో దాన్ని 30 లక్షలు చేసింది.

ఈలోగా పని రూపం మారింది. 1993 చట్టం పాకీదొడ్డినే చూసింది, సెప్టిక్ ట్యాంకుని చూడలేదు. రెండు గుంతల దొడ్డి మంచిదే. ఒకటి నిండితే మూసి రెండోది వాడతారు. మూసిన గుంతలోది కొంతకాలానికి ఎరువవుతుంది, పచ్చిమలం ఎవరూ ఎత్తక్కర్లేదు. కానీ ఇరుకు వాడలో రెండో గుంతకి జాగా ఏది? అందుకే ఒక్క గుంతో, ట్యాంకో కట్టుకుంటారు. నిండగానే కబురు మళ్ళీ దళితుడికే. మూత తీసి దిగినవాడు విషవాయువుకి బలైపోతున్నాడు. 2013 చట్టం ట్యాంకుల్నీ, మురుగు కాలవల్నీ కలుపుకుంది, అయినా చావులాగలేదు. నెత్తిమీది గంప దిగింది, మనిషి గుంతలోకి దిగాడు.

కాబట్టి వాడకి దొడ్డి కావాలి. దాంతోపాటే ఖాళీచేసే యంత్రం కావాలి, ఆ పని వదిలినవాళ్ళకి వేరే బతుకుతెరువు కావాలి. ఎన్ని దొడ్లు కట్టారని అడిగే ప్రతిచోటా, ఎంతమంది ఆ పని మానేశారని మనం అడగాలి.