అడుగు లేని గుట్ట

1996లో బెంగళూరుకు చెందిన అల్మిత్రా పటేల్ సుప్రీంకోర్టు గడప తొక్కకపోతే, మన ఊళ్ల చెత్తకు చట్టమంటూ ఉండటానికి ఇంకెన్నేళ్లు పట్టేదో. కోర్టు వేసిన అసీం బర్మన్ కమిటీ 1999లో నివేదిక ఇచ్చింది. మరుసటి ఏడాది సెప్టెంబరులో కేంద్రం నిబంధనలు ప్రకటించింది.

వాటిని రాసినవాళ్ల దృష్టి చెత్త మీద ఎంత ఉందో, దాని కింద ఉన్న నేల మీదా అంతే ఉంది. అడుగున 90 సెంటీమీటర్ల మందాన బంకమట్టి దట్టించాలి. దానిమీద 1.5 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ పొర పరవాలి. ఆ మట్టిలోంచి నీరు ఎంత నెమ్మదిగా దిగాలో కూడా చెప్పారు. లెక్కగడితే ఏడాదికి సుమారు మూడు సెంటీమీటర్లు! భూగర్భ జలమట్టం ఆ మట్టికి కనీసం రెండు మీటర్ల దిగువన ఉండాలి. యార్డు చుట్టూ 50 మీటర్ల లోపు నీళ్లను ఎండాకాలం, వానాకాలం, వానల తర్వాత పరీక్షిస్తూ ఉండాలి. ఇదంతా 2003 డిసెంబరు 31కల్లా సిద్ధం కావాలన్నది గడువు.

సరిగ్గా ఆ రోజుల్లోనే హైదరాబాద్ తన చెత్తకు కొత్త చోటు చూసుకుంది. ఆటోనగర్, ఫతుల్లాగూడ, గంధంగూడల్లో పోసింది చాలక లారీలు జవహర్‌నగర్ దారి పట్టాయి. మట్టీ లేదు, ప్లాస్టిక్కూ లేదు. లారీ వెనక్కి వచ్చి ఎత్తేస్తే అదే డంపింగ్. అలా పేరుకున్నది కోటీ ఇరవై లక్షల టన్నులని అంచనా.

కుళ్లిన చెత్తలోకి వాన దిగితే బయటికొచ్చేది నల్లటి, ఘాటైన ద్రవం. అధికారులు దాన్ని లీచెట్ అంటారు. పల్లం చూసుకుని అది మల్కారం చెరువులో చేరింది. మిగిలింది నేలలోకి ఇంకింది. ఇక్కడిది రాతినేల, బోర్లలోకి వచ్చే నీళ్లన్నీ ఆ రాతి పగుళ్ల దారినే రావాలి. ఇంకిన మురికికీ అదే దారి. దమ్మాయిగూడ వైపు జనం బోరు నీళ్ల రంగు, వాసన గురించి ఏళ్ల తరబడి మొత్తుకున్నారు. గొడవ హరిత ట్రైబ్యునల్ దాకా వెళ్లింది.

మరమ్మతు పైనుంచి మొదలైంది, ఎందుకంటే కింద నుంచి చేయడానికి వీల్లేదు. గుట్టను చదును చేసి, పొరలు కప్పి, మట్టి పోసి, గడ్డి పెంచారు. దీన్నే క్యాపింగ్ అన్నారు. వాన లోపలికి పోకుండా ఆపడమే దాని పని. అప్పటికే లోపల ఉన్న తడి మాత్రం కారుతూనే ఉంటుంది. 2020లో అక్కడే చెత్తతో కరెంటు తీసే ప్లాంటు మొదలైంది. 2023 ఏప్రిల్‌లో లీచెట్ శుద్ధికి దాదాపు రూ.250 కోట్ల ఖర్చుతో కట్టిన ప్లాంటు వచ్చింది. అడుగున బంకమట్టి ముందే వేసి ఉంటే ఇందులో ఎంత మిగిలేదో ఎవరైనా లెక్క తీయాల్సింది.

2016లో నిబంధనలు ఇంకా బిగించారు. నదికి 100 మీటర్లు, చెరువుకు 200 మీటర్ల దూరంలోనే చెత్త పూడ్చాలన్నారు. ఆ తర్వాత సంగారెడ్డి జిల్లా ప్యారానగర్‌లో మరో యార్డు పని మొదలుపెట్టినప్పుడు, 2025 ఫిబ్రవరిలో, చుట్టుపక్కల ఊళ్లు రోడ్డెక్కాయి. వాళ్ల భయం తమ చెరువుల గురించే.