జపనీస్ మాటల మధ్య పెరిగిన రూబీ: ఒక ప్రోగ్రామింగ్ భాషా సమాజ చరిత్ర

వ్యాససంగ్రహం:
రూబీ అనే ప్రోగ్రామింగ్ భాషకు 1993లో జపాన్‌లో బీజం పడింది. 1995లో అది బహిరంగంగా వెలువడింది. తొలి సంవత్సరాలలో దాని గురించిన చర్చ, బోధన, విమర్శ ప్రధానంగా జపనీస్‌లోనే సాగాయి. ఆ భాషను వాడేవారు ఏర్పరచుకున్న సంఘాలు, సమావేశాలు, పత్రిక, గ్రంథాలు దాని ఎదుగుదలకు ఏ విధంగా తోడ్పడ్డాయో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం. సాంకేతిక రంగంలో ఒక మానవభాష నిలవడానికి పదకోశాలు ఎంత అవసరమో, చేసే పనిని గురించి ఆ భాషలో రాసుకునే సమాజం అంతకన్నా ఎక్కువ అవసరమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: రూబీ, జపాన్, మత్సుయే, వాడుకరుల సమాజం, పారిభాషిక పదాలు, యూనికోడ్, తెలుగు.

1. ఉపోద్ఘాతం

ప్రోగ్రామింగ్ భాషల చరిత్రను సాధారణంగా రూపకర్తల చరిత్రగా రాస్తారు. ఫలానా సంవత్సరంలో ఫలానా వ్యక్తి ఒక భాషను రూపొందించాడని చెప్పి, ఆపైన దాని లక్షణాలను వివరిస్తారు. కాని ఏ భాషకైనా ఆయుష్షు పోసేది వాడుక. మానవభాషల విషయంలో తెలుగు పరిశోధకులకు ఇది కొత్త సంగతి కాదు. వ్యాకర్త నియమాలను చెప్పగలడు. వాటిని నిలిపేదీ, మార్చేదీ, కొన్నిటిని పక్కన పెట్టేదీ వాడుకరులే. యంత్రానికి ఆదేశాలిచ్చే కృత్రిమ భాషలకూ ఈ సూత్రం వర్తిస్తుందనడానికి రూబీ మంచి ఉదాహరణ.

రూబీని ఎంచుకోవడానికి మరో కారణం ఉంది. విస్తృత ప్రచారం పొందిన ప్రోగ్రామింగ్ భాషలలో అధిక భాగం గురించిన తొలి చర్చలు ఆంగ్లంలో జరిగాయి. రూబీ అలా కాక, ఆంగ్లేతర మానవభాషలో మాట్లాడుకునే సమాజం మధ్య పెరిగి, తరువాత ప్రపంచానికి చేరింది. అందుచేత మాతృభాషకూ సాంకేతిక విద్యకూ గల సంబంధాన్ని పరిశీలించేవారికి ఈ చరిత్ర ఉపయుక్తం.

2. తొలి దశ (1993–2001)

రూబీ రూపకర్త యుకిహిరో మత్సుమోతో 1965లో జన్మించారు. త్సుకుబా విశ్వవిద్యాలయంలో చదువుకున్నారు. 1993 ఫిబ్రవరి 24న ఆయన, మిత్రుడు కేయ్‌జు ఇషిత్సుకా కంప్యూటర్ ద్వారా సంభాషించుకుంటూ, రాయబోయే భాషకు పేరు ఆలోచించారు. అప్పటికి ఒక్క పంక్తి కూడా రాయలేదు. అప్పటికే ప్రచారంలో ఉన్న 'పెర్ల్' పేరు ముత్యాన్ని స్ఫురింపజేస్తుంది. ఆ వరుసలోనే 'కోరల్', 'రూబీ' అనే రెండు పేర్లు ముందుకు వచ్చాయి. పగడం పక్కకు తప్పుకొని కెంపు నిలిచింది. రూబీ వాడుకరులు ఈనాటికీ ఆ తేదీనే భాష పుట్టినరోజుగా భావిస్తారు. పుట్టుక ఒక ఏకాంత క్షణంలో కాక ఇద్దరి సంభాషణలో ఉండడం గమనార్హం.

1995 డిసెంబరు 21న 0.95 అనే సంఖ్యతో రూబీ జపాన్ దేశీయ వార్తాబృందాలలో వెలువడింది. దాని వెంటనే రెండు రోజుల వ్యవధిలో మరో మూడు సంస్కరణలు వచ్చాయి. వాడేవారు ఉత్తరప్రత్యుత్తరాలు జరుపుకోవడానికి జపనీస్‌లో ఒక వేదిక కూడా అప్పుడే ఏర్పడింది. 1996 డిసెంబరు 25న 1.0 సంస్కరణ విడుదలైంది. 2013 నుంచి ఏటా డిసెంబరు 25న కొత్త సంస్కరణ విడుదల చేయడం ఆనవాయితీగా మారింది.

1997లో మత్సుమోతో షిమానే ప్రాంత రాజధాని మత్సుయేలోని ఒక సంస్థలో చేరారు. అక్కడ ఆయనకు రూబీ పనికి పూర్తి సమయం కేటాయించే వీలు కలిగింది. 1999లో మత్సుమోతో, ఇషిత్సుకా కలిసి జపనీస్‌లో రూబీ గ్రంథం ప్రచురించారు. ఆంగ్లంలో తొలి ప్రామాణిక గ్రంథం డేవ్ థామస్, ఆండ్రూ హంట్ రాయగా 2000లో వచ్చింది. 2001లో అమెరికాలోని ఫ్లోరిడాలో తొలి అంతర్జాతీయ రూబీ సదస్సు జరిగింది. డెన్మార్క్‌కు చెందిన డేవిడ్ హైనమయర్ హాన్సన్ 2004లో 'రెయిల్స్' అనే జాల చట్రాన్ని విడుదల చేసిన తరువాతనే రూబీ ప్రపంచవ్యాప్తంగా ప్రసిద్ధమైంది. అంటే ఆ ప్రసిద్ధికి ముందు సుమారు దశాబ్ద కాలం పాటు జపనీస్ సంభాషణ ఈ భాషను పోషించింది.

ఇక్కడ ఒక విశేషాన్ని గుర్తించాలి. రూబీలోని 'ఇఫ్', 'వైల్', 'ఎండ్' వంటి ఆదేశపదాలన్నీ ఆంగ్లపదాలే. వాటిని జపనీస్‌లోకి మార్చాలన్న పట్టుదల ఆ సమాజంలో కనిపించదు. యంత్రంతో మాట్లాడే కొద్దిపాటి మాటలను ఉన్నవి ఉన్నట్టే ఉంచి, ఆ యంత్రం గురించి మనుషులు తమలో తాము మాట్లాడుకునే వేల మాటలను వారు తమ భాషలో నిలుపుకున్నారు.

3. సంఘం, సమావేశం, పత్రిక

జపనీస్‌లో 'కాయ్' అంటే కూడిక లేదా సంఘం. 'కాయ్‌గి' అంటే సమావేశం. రూబీ వాడుకరుల జీవితం ఈ రెండు మాటల చుట్టూ అల్లుకుంది. 2004లో మసయోషి తకహషి చొరవతో 'నిహోన్ రూబీ నో కాయ్', అంటే జపాన్ రూబీ సంఘం, ఏర్పడింది. అదే సంవత్సరం 'రూబీయిస్ట్ మ్యాగజైన్' అనే జపనీస్ జాలపత్రిక ప్రారంభమైంది. కొత్తవారికి పాఠాలు, అనుభవజ్ఞులతో ముఖాముఖి, సమావేశాల నివేదికలు అందులో వెలువడ్డాయి. పనిచేసేవారే పాఠకులు, పాఠకులే రచయితలు. ఉద్యోగం ముగిశాక సాయంత్రాలలో స్వచ్ఛందంగా సాగిన కృషి ఇది.

2006లో టోక్యోలో తొలి జాతీయ సమావేశం 'రూబీకాయ్‌గి' జరిగింది. 2008 నుంచి ప్రాంతీయ సమావేశాలు మొదలయ్యాయి. అదే సంవత్సరం టోక్యోలోని అసకుసా పేరుతో ఏర్పడిన బృందం మంగళవారాలలో కలుసుకోవడాన్ని నియమంగా పెట్టుకుంది. ఇటువంటి చిన్న కూడికలకు జపనీస్‌లో వేర్వేరు పేర్లున్నాయి. కలిసి చదువుకునేది 'బెంక్యో-కాయ్'. ఒక గ్రంథాన్ని అధ్యాయాల వారీగా చదివి చర్చించేది 'దొకుషో-కాయ్'. ఒకే గదిలో కూర్చొని ఎవరి పని వారు నిశ్శబ్దంగా చేసుకునేది 'మొకుమొకు-కాయ్'. 'మొకుమొకు' అనేది మాట్లాడకుండా పనిలో నిమగ్నం కావడాన్ని సూచించే ఆమ్రేడిత పదం. ఒక సాంకేతిక సమాజం తన పని తీరుకు తన భాషలోని ఇటువంటి మాటను వాడుకోవడం ఆ భాష ఆ పనిలో ఎంత లోతుగా ఇమిడిందో తెలుపుతుంది.

గ్రంథరచనలోనూ ఈ లోతు కనిపిస్తుంది. మినేరో అయోకి 2002లో రూబీ అంతర్నిర్మాణాన్ని, అంటే దాని మూలరచనను, సమగ్రంగా వివరిస్తూ జపనీస్‌లో గ్రంథం ప్రచురించారు. భాషను వాడేవారు దాని నిర్మాణంలో పాలుపంచుకునేవారుగా మారడానికి ఇటువంటి వివరణ గ్రంథాలు సోపానాలు. కోయిచి ససాదా విద్యార్థి దశలో 2004లో ప్రారంభించిన 'యార్వ్' అనే నూతన నిర్వహణ యంత్రం రూబీ వేగాన్ని పెంచింది. 2007 డిసెంబరులో వెలువడిన 1.9 సంస్కరణలో అది అంతర్భాగమైంది. స్థానిక సమాజం భాషను అందుకోవడంతో ఆగలేదు. దానికి కొత్త గుండెను అమర్చింది.

4. మత్సుయే నగర ప్రయత్నం

షిమానే జపాన్‌లో జనసంఖ్య అతి తక్కువగా ఉన్న ప్రాంతాలలో ఒకటి. మత్సుయే జనాభా సుమారు రెండు లక్షలు. యువకులు పెద్ద నగరాలకు తరలిపోవడం ఆ ప్రాంతపు దీర్ఘకాలిక సమస్య. తమ ఊరిలోనే ఒక ప్రోగ్రామింగ్ భాష రూపకర్త నివసిస్తున్నాడన్న సంగతిని స్థానిక పాలకులు వనరుగా గుర్తించారు. 2006లో నగరం 'రూబీ సిటీ మత్సుయే' ప్రణాళికను చేపట్టింది. రైల్వే స్టేషన్ ఎదుట ఒక ప్రయోగశాలను తెరిచి, వాడుకరుల కూడికలకు చోటు కల్పించింది. 2009 నుంచి అక్కడ 'రూబీవరల్డ్' సదస్సు జరుగుతున్నది. మత్సుయే పాఠశాల విద్యార్థులకు రూబీ బోధన కూడా ఈ ప్రయత్నంలో భాగమైంది.

రూబీకి 2011లో జపాన్ జాతీయ ప్రమాణం, 2012లో అంతర్జాతీయ ప్రమాణం లభించాయి. సాయంత్రపు కూడికలలో పెరిగిన భాష ప్రభుత్వ వ్యవస్థలు స్వీకరించగల ప్రామాణిక రూపాన్ని పొందింది.

5. లిపి నేర్పిన పాఠం

1990లలో జపనీస్ పాఠాన్ని కంప్యూటర్‌లో భద్రపరచడానికి మూడు ప్రధాన సంకేత పద్ధతులు ఉండేవి. ఒక పద్ధతిలో రాసినదాన్ని మరో పద్ధతిలో తెరిస్తే అర్థంలేని గుర్తులు కనిపించేవి. దీనికి జపనీస్‌లో 'మొజిబాకే' అని పేరు. పాత డీటీపీ ఫాంట్లలో కూర్చిన తెలుగు పుస్తకాన్ని ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిచిన వారందరికీ ఈ అనుభవం పరిచితమే.

అనేక భాషలు అన్ని లిపులనూ లోపల యూనికోడ్‌లోకి మార్చుకునే మార్గాన్ని అనుసరించగా, రూబీ 1.9 వేరొక మార్గం ఎంచుకుంది. ప్రతి అక్షరమాల తాను ఏ సంకేత పద్ధతిలో ఉన్నదో తన వెంటే తెలియజేస్తుంది. పాత దస్త్రాలతో నిత్యం వ్యవహరించే జపనీస్ వాడుకరుల అవసరం ఈ నిర్ణయం వెనుక ఉంది. 2013లో వచ్చిన 2.0 సంస్కరణలో మూలరచనకు యూనికోడ్ ఆధారిత యూటీఎఫ్-8 సహజ పద్ధతి అయింది.

తెలుగు లిపి విషయంలో ఇటువంటి అనుభవజ్ఞుల జోక్యం ఎంత అవసరమో ఒక ఉదాహరణ చాలు. 'లక్ష్మి' అనే పదంలో మన దృష్టికి రెండు అక్షరాలు: ల, క్ష్మి. యూనికోడ్ సంకేతాల లెక్కలో ఏడు: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. వాడుకరి దృష్టిలోని అక్షరాలను గుర్తించే పాత యూనికోడ్ నియమం ప్రకారం నాలుగు: ల, క్, ష్, మి. సంయుక్తాక్షరాన్ని విడగొట్టకుండా ఒకటిగా పరిగణించే నియమం తెలుగు సహా కొన్ని భారతీయ లిపులకు 2023 నాటి యూనికోడ్ 15.1 సంస్కరణలో చేరింది. తెలుగు 1991 నాటి తొలి యూనికోడ్‌లోనే ఉన్నది. ఛందస్సు చదివిన ప్రతి విద్యార్థికీ తెలిసిన అక్షర విభజన ప్రమాణాలలోకి రావడానికి ముప్పై రెండేళ్లు పట్టింది.

6. స్థానికత హద్దులు

ఈ చరిత్రను ఏకపక్షంగా కీర్తించడం సరికాదు. రూబీ నిర్మాణానికి సంబంధించిన కీలక చర్చలు చాలాకాలం జపనీస్‌లో జరిగినందున, ఇతర దేశాల వాడుకరులకు కొన్ని నిర్ణయాల కారణాలు తెలిసేవి కావు. ఒక సమాజానికి ఇంటి వసారాగా ఉన్న భాష మరొకరికి మూసిన తలుపు అయింది. క్రమంగా ఆంగ్ల చర్చావేదికలు, అనువాదాలు పెరిగాయి. 2011లో 'చివరిది' అన్న ప్రకటనతో జరిగిన రూబీకాయ్‌గి, ఒక ఏడాది విరామం తరువాత 2013లో అంతర్జాతీయ స్వరూపంతో తిరిగి మొదలైంది. 'కాయ్‌గి' అన్న జపనీస్ పేరు మాత్రం మారలేదు. స్థానిక భాషలో పునాది, ఆంగ్లంలో వారధి అనే ఈ ద్విముఖ పద్ధతి ఆ సమాజం కాలక్రమంలో సాధించుకున్న సమన్వయం.

7. తెలుగు సందర్భం

హైదరాబాదులో సైబర్ టవర్స్ 1998లో ప్రారంభమైంది. అప్పటి నుంచి సాఫ్ట్‌వేర్ రంగం తెలుగు మధ్యతరగతి జీవితాన్ని ఎంతగా మార్చిందో వివరించనక్కరలేదు. 2011 జనగణన ప్రకారం దేశంలో తెలుగు మాతృభాషగా గలవారు 8.11 కోట్లు. అయినా ఆ పని గురించి తెలుగులో రాసిన గద్యం స్వల్పం. సహోద్యోగులు తేనీరు తాగుతూ ప్రోగ్రాములోని దోషాన్ని తెలుగులోనే చర్చిస్తారు. ఆ చర్చ కాగితం మీదికి వచ్చేసరికి ఆంగ్లమవుతుంది. లోపించినది మాట్లాడే శక్తి కాదు, రాసే అలవాటు.

పదాల కొరత దీనికి కారణమనే వాదన నిలవదు. జపనీస్‌లో గణితంలోని చలరాశికీ, ప్రోగ్రాములోని చలరాశికీ 'హెన్‌సూ' అనే ఒకే మాట. గణిత ప్రమేయానికీ, ప్రోగ్రాములోని ప్రమేయానికీ 'కన్‌సూ' ఒకటే. 'ఆబ్జెక్ట్' వంటి మాటలను మాత్రం వారు సంకోచం లేకుండా ఆంగ్లం నుంచి ఎరువు తెచ్చుకున్నారు. మనకూ చలరాశి, ప్రమేయం, మాత్రిక వంటి పదాలు పాఠ్యపుస్తకాలలో ఉన్నాయి. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ ఉన్నత విద్యకు పారిభాషిక పదాలను, పుస్తకాలను అందించింది. అయితే తెలుగు మాధ్యమంలో చలరాశి నేర్చుకున్న విద్యార్థి ఇంజనీరింగ్ కళాశాలలో 'వేరియబుల్' అనే మాట విన్నప్పుడు, ఆ రెండూ దగ్గరి చుట్టాలని చెప్పే వాక్యం ఏ పాఠంలోనూ ఎదురుకాదు. తెలిసిన విషయమే తెలియనిదిగా తోస్తుంది. భాషాపరమైన ఈ తెగుదలకు మూల్యం చెల్లించేది మొదటితరం విద్యావంతులు.

సాధారణ విద్యలో వాడుకభాషకు చోటు కోసం గిడుగు వేంకట రామమూర్తి (1863–1940) చేసిన పోరాటం తెలుగు పరిశోధకులకు సుపరిచితం. మాట్లాడే భాషకూ, రాసే భాషకూ మధ్య దూరం చదువుకు ఆటంకమన్నది ఆ ఉద్యమ సారం. సాంకేతిక విద్యలో ఆ దూరం నేడు రెండు వేర్వేరు భాషల మధ్య దూరంగా మారింది.

8. ముగింపు

రూబీ చరిత్ర నుంచి మూడు అంశాలు తేలుతున్నాయి. మొదటిది, స్థానిక భాషలో సాంకేతిక సమాజం ఏర్పడడానికి ప్రోగ్రామింగ్ ఆదేశపదాలను అనువదించవలసిన అవసరం లేదు. రెండవది, పారిభాషిక పదం పదకోశంలో పుట్టినా, వారంవారం కలుసుకునే మనుషుల రాతలోనే స్థిరపడుతుంది. మూడవది, లిపికి సంబంధించిన సమస్యలను ఆ లిపిలో జీవించేవారు పరిష్కారంలో పాల్గొన్నప్పుడే సరిగా నిర్వచించగలరు.

ఈ మూడవ అంశంలో తెలుగు శాఖల పాత్ర ప్రత్యక్షమైనది. సంధి, సమాసం, అక్షర స్వరూపం, ఛందోగణన తెలిసిన అధ్యాపకులు, ప్రోగ్రాములు రాసే యువకులు ఒకే గదిలో నెలకొకసారి కూర్చోగలిగితే, అక్కడ జరిగిన చర్చను తెలుగులో నమోదు చేయగలిగితే, పరిశోధనకూ పనికీ మధ్య దారి ఏర్పడుతుంది. కళాశాలలో ఒక గది, కొన్ని కుర్చీలు, నివేదిక రాసే ఒకరు ఉంటే ఆ పని మొదలుపెట్టవచ్చు.