తిరస్కరణ కాగితంతోనే అయిపోదు: సిపాయి వైకల్య పింఛను కథ



కామారెడ్డి, ఎల్లారెడ్డి తండాల నుంచి మన తమ్ముళ్లు ఆర్మీ ర్యాలీలకు పోతున్నరు. రన్నింగ్ గురించి, రాతపరీక్ష గురించి రోజూ మాట్లాడుకుంటున్నం. డ్యూటీలో ఒంటికి ఏమన్నా అయితే ఎవరు తేలుస్తరు, ఎవరిని అడగాలె అన్నది మాత్రం మాట్లాడుకోలేదు. అందుకే ఈ పోస్టు.

మెడికల్ బోర్డు రెండు సంగతులు తేలుస్తది. వైకల్యం ఎంత శాతం? అది సర్వీసు వల్ల వచ్చిందా, లేదా సర్వీసులో ముదిరిందా? కనీసం 20 శాతం ఉండి, రెండో ప్రశ్నకు అవునని వస్తేనే వైకల్య పింఛను. ఎన్నో దరఖాస్తులు ఈ రెండో ప్రశ్న దగ్గరే ఆగిపోయినయి.

1982 నిబంధనలు నిజానికి సిపాయి పక్షమే. భర్తీ అయినప్పుడు రికార్డులో జబ్బు రాయలేదంటే ఆరోగ్యంగానే చేరిండని లెక్క. అనుమానం వస్తే దాని లాభం సిపాయికే. అయినా అమలుకు పోరాటం తప్పలేదు. ధరంవీర్ సింగ్ 1985లో సిగ్నల్స్ విభాగంలో సిపాయిగా చేరిండు. 1994లో మూర్ఛ జబ్బు, 20 శాతం వైకల్యం అని ఇంటికి పంపిన్రు. సర్వీసుకు సంబంధం లేదని పింఛను ఇయ్యలేదు. హిమాచల్ హైకోర్టులో ఒకసారి గెలిచి, మళ్లీ డివిజన్ బెంచ్‌లో ఓడిపోయిండు. 2013 జూలై 2న సుప్రీంకోర్టు ఆయనకే న్యాయం చెప్పింది: కారణాలు రాయకుండా బోర్డు కాదంటే చెల్లదు, రుజువు చేసే బాధ్యత సిపాయిది కాదు.

కాదంటే ముందు మొదటి అప్పీలు, తర్వాత రెండో అప్పీలు, ఈ రెండూ శాఖలోని కమిటీలకే. ఆ పైన సాయుధ బలగాల ట్రిబ్యునల్. 2007 చట్టంతో వచ్చి 2009లో మొదలైంది. మన ప్రాంతం చెన్నై బెంచ్ కిందికి వస్తది. అంతకుముందు హైకోర్టే దిక్కు.

ఆలస్యం చేస్తే మాత్రం నష్టమే. 1983లో బయటికి పంపిన తర్సేమ్ సింగ్ 1999లో కోర్టుకు పోయిండు. పింఛను దక్కింది గానీ, బకాయిలు కేసు వేసిన నాటికి వెనక మూడేండ్లవే ఇయ్యాలని 2008లో సుప్రీంకోర్టు చెప్పింది.

పోడు పట్టా దరఖాస్తు కొట్టేస్తే 60 రోజుల్లో పై కమిటీకి పోవాలని మనకు తెలుసు. ఇది కూడా అసొంటిదే. కాగితం, తేదీ చేతిలో ఉండాలె.

2023 సెప్టెంబర్ 21 తర్వాత బయటికొచ్చినోళ్లకు కొత్త నిబంధనలు. అగ్నివీర్లకు పింఛను లేదు, వైకల్యం 100, 75, 50 శాతమైతే 44, 25, 15 లక్షలు ఒకేసారి ఇస్తరు. సర్వీసు వల్లేనా అన్న ప్రశ్న వాళ్లకూ తప్పదు.

మీ తండాలో మాజీ సిపాయి తాతలు, బాబాయిలు ఉంటే మెడికల్ బోర్డు కాగితం, డిశ్చార్జి బుక్కు, తిరస్కరణ లెటర్ ఒకసారి అడిగి చూడుండ్రి. చదివి చెప్పుడు మన పని.