బొమ్మ మూలన చుక్క

పాత సినిమా హాల్లో ఆపరేటరు చూపు కథ మీద కాదు, తెరకి కుడివైపు పై మూల మీద ఉండేది. 2,000 అడుగుల రీలు 22 నిమిషాల్లో అయిపోతుంది. అయిపోయే ముందు, 8 సెకన్లుందనగా, ఆ మూలన ఒక చుక్క మెరుస్తుంది. వెంటనే, తర్వాతి రీలున్న రెండో ప్రొజెక్టరు మోటారు వెయ్యాలి. ఏడు సెకన్లయ్యాక ఇంకో చుక్క: బొమ్మని అటు మార్చెయ్యాలి. చుక్క ఉండేది 4 ఫ్రేములు, అంటే సెకనులో ఆరో వంతు. టిక్కెట్టు కొన్నవాళ్లలో చాలామందికి అదొకటుందనే తెలీదు.

వెబ్ వీడియోలో, ఫలానా క్షణంలో ఏదో జరగాలని చెప్పే గుర్తు ‘క్యూ పాయింట్’ ఆ చుక్కకి వారసురాలే. ఇప్పుడు దాన్ని కనిపెట్టి చూసేది ప్రోగ్రాము. గుర్తుని బొమ్మలోనే పెట్టాలా, పక్కన రాసుకోవాలా అన్న పేచీ మాత్రం మొదట్నుంచీ ఉంది.

1998లో వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ ఆమోదించిన ‘స్మిల్’ది పక్కన రాసే పద్ధతి. ఏ సెకనుకి ఏ బొమ్మ, ఏ అక్షరాలు రావాలో విడి ఫైల్లో ఉండేది. వెబ్‌లో వీడియో ఆడించే ఫ్లాష్‌లో 2005లో వచ్చిన 8వ వెర్షన్ రెండు దారులూ తెరిచింది. ఎన్‌కోడ్ చేసేటప్పుడే గుర్తుని వీడియోలోకి ఎక్కించొచ్చు, లేదా తర్వాత ఫ్లాష్ ప్రోగ్రాము భాష యాక్షన్‌స్క్రిప్టుతో బయటినుంచి తగిలించొచ్చు. లోపలిది గురి తప్పదు, కానీ మార్చాలంటే వీడియోని మళ్లీ ఎన్‌కోడ్ చెయ్యాలి. బయటిది ఎప్పుడైనా మార్చుకోవచ్చు, కానీ కాస్త ముందూవెనకా అవుతుంది. మాస్టారు మాట్లాడుతుంటే పక్కన స్లైడు దానంతటదే మారే పాఠాలు ఈ ఏర్పాటుతో సులువయ్యాయి.

ఐఫోను ఫ్లాష్‌ని గడప తొక్కనివ్వలేదు. తర్వాత వచ్చిన హెచ్‌టీఎంఎల్5 మళ్లీ పక్కన రాసే దారే పట్టింది. వెబ్‌వీటీటీ ఫైల్లో ఫలానా సెకను నుంచి ఫలానా సెకను దాకా అని రాస్తే, ఆ వేళకి బ్రౌజరు కబురు పెడుతుంది. అది వదిలేసి, వీడియో ఎంతదాకా ఆడిందో బ్రౌజరు ఉండుండి చెప్పే ‘టైమ్‌అప్‌డేట్’ని నమ్ముకుంటే తంటానే. రెండు కబుర్ల మధ్య 250 మిల్లీసెకన్ల దాకా ఎడం ఉండొచ్చు. ఆపరేటరు పట్టుకున్న 4 ఫ్రేముల చుక్క ఆ సందులోంచి జారిపోగలదు! సరిగ్గా 12వ సెకనుకే అని షరతు రాసి, అది ఎప్పటికీ నెరవేరక తల పట్టుకోవడం ఈ పనిలో అందరికీ అయ్యే దీక్ష.

ఇలాంటి గుర్తుల్లో జనం బాగా చూసిన రూపం యూట్యూబ్ యానొటేషన్లు. 2008లో వచ్చాయి. వీడియో మీద గళ్లు, వాటిలో నొక్కే లింకులు. చూసేవాళ్లు ఫోన్లకి మళ్లారు, అక్కడ ఇవి పనిచెయ్యలేదు. 2019 జనవరిలో యూట్యూబ్ అన్నిటినీ తీసేసింది.

పాత రీళ్లలోంచి ఎక్కించిన సినిమాల్లో, మార్చాల్సిన ప్రొజెక్టరు లేకపోయినా, ఆ చుక్క అప్పుడప్పుడూ ఇప్పటికీ మెరుస్తుంది. పదేళ్లనాటి యూట్యూబ్ వీడియోల్లో మాత్రం మనుషులు ఖాళీ మూలకి వేలు చూపించి “ఇక్కడ నొక్కండి” అంటుంటారు.