నానీ సందూక్‌లోని నల్ల డిబియా

మా ఖాందాన్‌లో ఒక కిస్సా ఉంది. 1937లో ఉస్మాన్ అలీ ఖాన్ సిల్వర్ జూబ్లీ జరిగినప్పుడు మా పర్‌నానాకు సర్కారు నుంచి ఇనాంగా ఒక సిగరెట్ డబ్బీ ముట్టిందని, అది అసలైన బీదరీ అని. అరచేతిలో పట్టేంత డిబియా. నల్లటి నేల మీద బంగారు చెట్లు, వెనక వెండి శిఖరం ఉన్న గుట్ట, పక్కన అంతస్తుల మీనార్. గుట్ట గోల్కొండ అనీ, మీనార్ ఏదో మసీదుదనీ చిన్నప్పుడు మాకు చెప్పేవారు. గోల్కొండ మీద మంచు ఎప్పుడు పడిందని మాలో ఎవరం అడగలేదు.

నానీ ఇల్లు అమ్మాక వారసత్ మాట వచ్చింది. ఒక కజిన్ డబ్బీ ఫొటో ఎవరో బేపారికి పంపాడు. నిజాం ఇనాం, బీదరీ అనగానే ధర పెరిగింది, రెండిళ్ల మధ్య మాటలు తగ్గాయి. చివరికి ఖాలా నన్ను పిలిచింది. "బేటా, నువ్వు అఖ్బార్‌వాలావి. దీని అసలియత్ ఏందో తేల్చు."

మొదట చేసింది పిల్లల పని. ఫ్రిజ్ మీది అయస్కాంతం తీసి ఆనించాను. టక్కున అంటుకుంది. బీదరీ లోహం జస్తు, అందులో కాస్త రాగి. దానికి అయస్కాంతం అంటుకోదు. బీదర్ కారీగర్ నల్ల లోహంలో గాడి చెక్కి, వెండి తీగ కూర్చి, పాత ఖిలా మట్టిని నౌసాదర్‌తో కలిపి పూస్తాడు. లోహం నల్లబడుతుంది, వెండి మెరుస్తూనే ఉంటుంది. మా డబ్బీ మాత్రం ఇనుము.

భూతద్దంలో చూస్తే ఒక మూల బంగారం అరిగిపోయి, కింద సన్నటి అడ్డదిడ్డపు గీతలు బట్ట నేతలా కనిపించాయి. అక్కడే యకీన్ కుదిరింది. జపాన్‌వాళ్లు దీన్ని నునోమె జోగాన్ అంటారు. నునోమె అంటే బట్ట నేత అనే. ఇనుప రేకు మీద ఉలితో అలా గీతలు కొట్టి, ఆ గరుకులో పల్చటి బంగారు, వెండి రేకుల్ని సుత్తితో దిగ్గొడతారు. తర్వాత ఇనుముకు కావాలనే తుప్పు పట్టిస్తారు, ఆ తుప్పును ఆపడానికి టీ నీళ్లలో ఉడకబెడతారు, పైన లక్క పూసి కాల్చి, బొగ్గుతో రుద్ది బంగారాన్ని బయటికి తీస్తారు. మన దగ్గర కత్తి పిడుల మీద చేసే కోఫ్త్‌గరీ దీనికి సగా భాయీ. ఇంగ్లీషువాళ్లు దీనికి పెట్టిన డామసీన్ అనే పేరు దమిష్క్ నుంచి వచ్చింది. స్పెయిన్‌లో టొలెడో, అరబ్బుల తులైతులా, ఈ పనికి ఇప్పటికీ మషూర్.

జపాన్‌లోనూ ఇది కత్తుల హునరే. 1876లో అక్కడి సర్కారు బయట కత్తి కట్టుకుని తిరగడాన్ని మనా చేసింది. కత్తి సామాను చేసేవాళ్ల రోజీ పోయింది. అదే చేత్తో డబ్బీలు, పూలకుండీలు, బొత్తాలు చేసి పరదేశీలకు అమ్మారు. క్యోటోలో కొమాయి వారి కార్ఖానా ఇందులో పెద్ద పేరు. మాది అంత గొప్పది కాదు, బజారు మాలే. గుట్ట ఫూజీ, మీనార్ పగోడా.

తారీఖు కోసం లోపల వెతికాను. సిగరెట్లను పట్టే లాస్టిక్ పట్టీ కింద చిన్న ఇంగ్లీషు అక్షరాలు: మేడ్ ఇన్ జపాన్. దిగుమతి సరుకు మీద దేశం పేరు ఉండాలని 1891 నుంచి అమెరికా షరతు. చాలాకాలం నిప్పాన్ అని రాసి పంపారు. 1921లో అది కుదరదు, జపాన్ అనే రాయాలన్నారు. గట్టి సరిహద్దు కాదుగానీ, మంచి ఆధారం. 1941లో యుద్ధంతో ఇటు తిజారత్ బంద్. తర్వాత 1952 దాకా అమెరికా కబ్జాలో ఉన్నప్పుడు బయటికెళ్లే చాలా సరుకు మీద ఆక్యుపైడ్ జపాన్ అని ఉండేది. అంటే మాది 1921, 1941 మధ్యది కావాలి, లేదంటే 1952 తర్వాతది.

ఒక మాట. ఫొటో కోసం మా కజిన్ దీన్ని చింతపండుతో తోమాడు. ఆ మూల అరిగింది అందుకేనేమో. మీ ఇంట్లో ఇలాంటిది ఉంటే ఖుదాకే వాస్తే తోమకండి. ఆ నలుపు మురికి కాదు, లక్క. పొడి మెత్తటి గుడ్డ చాలు.

ఇదంతా ఖాలాకు చెబితే కాసేపు ఏమీ అనలేదు. లేచి వెళ్లి నానీ నికాహ్ కాగితాల మూట తెచ్చింది. అందులో జహేజ్ ఫెహరిస్త్, షాబాన్ 1357 హిజ్రీ. అంటే 1938. పర్‌నానా స్వయంగా ఉర్దూలో రాసింది. మా పిల్లల్లో ఒక్కరికీ ఉర్దూ చదవడం రాదు, ఖాలా కళ్లకు మసక. పరుపులు, రాగి దేగ్చీలు, పాన్‌దాన్ తర్వాత, దూల్హాకు ఇచ్చేవాటి వరసలో ఉంది: "జపానీ సిగరెట్ డిబియా, ఏక్ అదద్."

ఇనాం మాట ఎక్కడా లేదు.

"మా నానా రాతే ఇది. ఇంకోసారి చదువు," అంది ఖాలా. చదివాను. డబ్బీ ఇప్పటికి ఆమె దగ్గరే ఉంది. బేపారి మళ్లీ ఫోన్ చేయలేదు.