ఫ్రీవీలుకు ముందూ, తరవాతా

సైకిలు చరిత్ర చెప్పేవారు ఎక్కువగా చక్రం గురించే చెబుతారు. ముందు చక్రం ఒకప్పుడు ఎంత పెద్దదిగా ఉండేది, రెండూ ఎప్పుడు సమానమయ్యాయి, రబ్బరు ఎవరు తొడిగారు, గాలి ఎవరు నింపారు అని. నాకు మాత్రం కాలికీ చక్రానికీ మధ్యనున్న సంబంధం ఎప్పుడెలా మారిందన్నదే అసలు చరిత్ర అనిపిస్తుంది. ఆ మార్పు ఎవరికి ఎందుకు అవసరమైందో తెలుసుకోవటానికి విశాఖపట్నం కంటే మంచి ఊరు మనకు లేదు. ఓడరేవు, ఓడల కర్మాగారం, ఉక్కు కర్మాగారం మూడూ ఉన్న ఊరు; మెరకలూ పల్లాలూ ఉప్పుగాలీ ఉన్న ఊరు; సైకిలెక్కి షిఫ్టుకు పోయిన తరాలున్న ఊరు.

ఇప్పుడీ సంగతి ఎత్తుకోవటానికి కారణముంది. ఫ్రీవీలు లేని సైకిళ్ళ మీద కుర్రకారుకు మోజు పుట్టింది. 'ఫిక్స్‌డ్ గేరు' అంటారు వాటిని. ఇంట్లో మూలనున్న తాతగారి నల్ల సైకిలును అలా మార్పించుకోవచ్చా, ఏ సామాన్లు కావాలి అని నన్ను అడిగినవారున్నారు. ఒక జాబితా రాసిచ్చి ఊరుకోవచ్చు. కానీ ఈ సామాన్ల ఎంపికలో పొరపాటు జరిగితే విరిగేవి ఎముకలు. అందుచేత మొదటినుంచీ చెబుతాను.

ఆగని కాలు

1817లో జర్మనీలో కార్ల్ డ్రైస్ తయారుచేసిన రెండు చక్రాల బండికి పెడళ్ళు లేవు. కాళ్ళతో నేలను తన్నుకుంటూ పోవలసిందే. 1860లలో పారిస్‌లో ముందు చక్రం ఇరుసుకే పెడళ్ళు తగిలించారు. అక్కడితో కాలూ చక్రమూ ఒకటైపోయాయి. చక్రం తిరిగినంతసేపూ కాలు తిరగాలి. ఒక తొక్కుకు చక్రం ఒక్కసారే తిరుగుతుంది గనక వేగం కావాలంటే చక్రాన్ని పెద్దది చేయటం తప్ప మార్గం లేదు. పాత బొమ్మల్లో కనిపించే ఆ ఏనుగంత ముందు చక్రం అలా పుట్టిందే. అరవై అంగుళాల చక్రమంటే పొడుగుకాళ్ళవాడికి కూడా ఇంచుమించు ఆఖరి హద్దు.

ఈనాటికీ గేరును అంగుళాల్లో కొలవటం ఆ కాలపు జ్ఞాపకమే. లెక్క సులువు. ముందు పళ్ళచక్రానికున్న పళ్ళను వెనకదాని పళ్ళతో భాగించి, చక్రం వ్యాసంతో హెచ్చించాలి. మన నల్ల సైకిలుకు సాధారణంగా ముందు 44 పళ్ళు, వెనక 18, చక్రం 28 అంగుళాలు. లెక్కిస్తే సుమారు 68 వస్తుంది. అంటే మన పాలవాడు తొక్కేది, పాత లెక్కలో, 68 అంగుళాల చక్రమున్న సైకిలన్నమాట. అంత ఎత్తు చక్రమెక్కి తొక్కగలిగిన మనిషి లేడు. గొలుసు వచ్చి ఆ పనిని నేలకు దించింది. 1880లో హాన్స్ రెనాల్డ్ రోలరు గొలుసు, 1885లో కొవెంట్రీలో జాన్ కెంప్ స్టార్లీ 'రోవరు' సైకిలు, 1888లో బెల్‌ఫాస్టులో డన్‌లప్ గాలి టైరు. ఈ మూడూ కలిస్తే ఇవాళ్టి సైకిలు దాదాపు తయారైనట్టే.

దాదాపు అనటం ఎందుకంటే, రోవరు మీద కూడా కాలు ఆపటానికి వీల్లేదు. పల్లం వస్తే పెడళ్ళ మీదనుంచి కాళ్ళు తీసేసి, ముందు ఫోర్కుకు బిగించిన చిన్న ఆసరాల మీద పెట్టుకునేవారు. కింద పెడళ్ళు వాటంతటవే గిరగిరా తిరుగుతుండేవి. 1898 మొదలుకొని కొద్ది ఏళ్ళలోనే ఫ్రీవీలు వాడుకలోకి వచ్చి ఈ అవస్థ తప్పించింది. 1903లో జర్మనీలోని ష్వైన్‌ఫర్టులో ఎర్న్‌స్ట్ సాక్స్ మరో అడుగు వేసి, వెనక్కి తొక్కితే బ్రేకు పడే 'టార్పెడో' హబ్బును తెచ్చాడు.

ఫ్రీవీలు విప్పి చూసినవారికి తెలుసు, అందులో మహామాయ ఏమీ లేదు. లోపల రెండు చిన్న ఉక్కు నాలుకలు, వాటిని పైకి నెట్టే వెంట్రుకలాంటి తీగలు, చుట్టూ ఏటవాలు పళ్ళు, బాల్సు. ముందుకు తొక్కితే నాలుకలు పళ్ళలో చిక్కుకుని చక్రాన్ని లాగుతాయి. తొక్కటం మానేస్తే పళ్ళ మీదుగా జారిపోతాయి. మనకు వినబడే టికటిక ఆ జారుడు చప్పుడే. అయితే దీనితోపాటు ఇంకో అవసరం పుట్టింది. కాలిని బిగబట్టి వేగం తగ్గించే వీలు పోయింది గనక చేతి బ్రేకు నమ్మదగినదిగా ఉండి తీరాలి. ఫ్రీవీలూ మంచి బ్రేకూ అలా జంటగా పెరిగాయి.

షిఫ్టుకు పోయే సైకిలు

1933 డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ విశాఖ రేవును ప్రారంభించాడు. 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ సింధియా ఓడల కర్మాగారానికి శంకుస్థాపన చేశారు. 1948 మార్చి 14న నెహ్రూ 'జల ఉష'ను నీళ్ళలోకి దించారు. 1957లో కాల్టెక్సు చమురుశుద్ధి కర్మాగారం వచ్చింది. మల్కాపురం, శ్రీహరిపురం, గాజువాక, కంచరపాలెం - ఈ పేర్లన్నీ కార్మికుల ఇళ్ళకు చిరునామాలయ్యాయి. ఇంటికీ గేటుకూ మధ్య కొన్ని మైళ్ళు, వేళ తప్పని షిఫ్టు, చాలీచాలని జీతం. ఈ మూడింటికీ కలిపి దొరికిన జవాబు సైకిలు.

సైకిలు స్వదేశీ అయిందీ ఆ రోజుల్లోనే. అంతకుముందు బర్మింగ్‌హాము నుంచి హెర్క్యులిసు, బి.ఎస్.ఏ., నాటింగ్‌హాము నుంచి రాలీ ఓడలెక్కి వచ్చేవి. 1949లో మద్రాసు పక్కన అంబత్తూరులో టి.ఐ. సైకిల్సు, 1951లో సోనీపత్‌లో అట్లాసు, 1956లో లూధియానాలో హీరో మొదలయ్యాయి. పేర్లు మారినా రూపం మారలేదు. బరువైన ఉక్కు గొట్టాల ఫ్రేము, ముందు చక్రానికి 32 స్పోకులు, వెనకదానికి 40, రాడ్డు బ్రేకులు, గొలుసుకు రేకు కవరు, వెనక మనిషిని మోయగల క్యారియరు. గేరు ఒక్కటే, ఫ్రీవీలు మాత్రం తప్పనిసరి.

ఎందుకు తప్పనిసరో చిన్న లెక్క చూడండి. 44కు 18 పళ్ళ సైకిలు ఒక తొక్కుకు అయిదున్నర మీటర్లకు కాస్త తక్కువగా నడుస్తుంది. పది కిలోమీటర్ల దారికి పద్దెనిమిది వందల పైచిలుకు తొక్కులు. ఫ్రీవీలు లేకపోతే అందులో ఒక్కటీ తగ్గదు. పల్లంలోనైనా, గాలి వెనకనుంచి తోస్తున్నా, కాలు తిరగవలసిందే. ఫ్రీవీలుంటే వీలైనచోటల్లా కాలు ఆపుకోవచ్చు. ఎనిమిది గంటలు ఇనుము మోసి ఇంటికి పోయేవాడికి ఆ ఆగటం విలాసం కాదు, రేపటి షిఫ్టుకు దాచుకున్న బలం. క్యారియరు మీద పాలక్యాన్లో చేపల గంపో కట్టుకున్నవాడికైతే, మలుపులో పెడలును పైకెత్తి ఆపుకోగలగటం ప్రాణావసరం కూడా. మన శ్రామికుల సైకిలుకు ఫ్రీవీలు ఎవరో మప్పిన అలవాటు కాదని నేననేది ఇందుకే.

రెండో సుగుణం బాగుచేసుకోగలగటం. చాలా సామాన్లు ఏ కంపెనీవైనా ఒకదానివి మరొకదానికి సరిపోతాయి. నాలుగు పానాలు, ఒక సుత్తి, టైరు తీసే పట్టీలు, స్పోకులు బిగించే చిన్న తాళం, తొట్టెడు నీళ్ళు, కిరసనాయిలు డబ్బా, గ్రీజు, గాలిపంపు - చెట్టుకింద షాపు పెట్టటానికి ఇంతే పెట్టుబడి. దసరాకు ఆ పానాలకే కుంకుమబొట్లు. 2020 జూన్ 3న, ప్రపంచ సైకిలు దినోత్సవంనాడే, అట్లాసు తన సాహిబాబాదు కర్మాగారాన్ని ఆపేసింది. అయినా పాత అట్లాసులు ఇంకా తిరుగుతున్నాయంటే ఈ సామాన్ల పొత్తు చలవే.

ఉక్కునగరం ఊరిది కనక ఒక ముచ్చట. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసిన విశాఖ ఉక్కు కర్మాగారాన్ని 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు జాతికి అంకితం చేశారు. అక్కడ తయారయ్యేవి కడ్డీలు, కోణాలు, తీగచుట్టల వంటి పొడుగు సరుకులు; రేకు చుట్టరు. సైకిలు గొట్టం చేసేది రేకును చుట్టి. అందుచేత మన ఊరి ఉక్కు సైకిలులో గొట్టం కంటే, తీగను సాగదీసి చేసే స్పోకుకు దగ్గర చుట్టం.

మార్చుకోదలచినవారికి

ఇక అడిగిన ప్రశ్న. మామూలు వెనక హబ్బుకు కుడిపక్కన ఒకే మర ఉంటుంది. ఫ్రీవీలు విప్పేసి అదే మరకు కదలని పళ్ళచక్రాన్ని బిగించవచ్చు. ముందుకు తొక్కినంతసేపూ అది బిగుస్తూనే ఉంటుంది. కానీ వేగం తగ్గించటానికి కాలు బిగబట్టిన క్షణాన మర ఊడటం మొదలుపెడుతుంది. అసలైన ట్రాకు హబ్బుకు దాని పక్కనే రెండో మర ఉంటుంది, చిన్నది, ఎడమచేతి వాటంది. దానికి బిగించే లాకురింగు పళ్ళచక్రం ఊడకుండా పట్టుకుంటుంది. ఆ రెండో మర లేని హబ్బును ఈ పనికి వాడకండి. ఫ్రీవీలుకు వెల్డింగు పెట్టించి పని కానిచ్చేవారూ ఉన్నారు. ఆ వేడికి గట్టి ఉక్కు పెళుసెక్కుతుంది. ఎప్పుడు విరుగుతుందో ఎవరూ చెప్పలేరు.

ట్రాకు హబ్బులు సాధారణంగా 32 లేదా 36 రంధ్రాలవి. మన వెనక రిమ్ముకు 40. కాబట్టి రిమ్ము కూడా వేరే కావాలి. హబ్బు వెడల్పు ఫ్రేములో పడుతుందో లేదో ముందే కొలవాలి. నా సలహా, చక్రాన్ని విడిగా కట్టించుకుని, పాత వెనక చక్రాన్ని నూనెగుడ్డతో తుడిచి దాచండి. మోజు తీరాక తాతగారి సైకిలు తాతగారి సైకిలుగా మిగలాలి. పాత ఫ్రేములో ఇరుసు కూర్చునే గాడి పొడుగ్గా ఉంటుంది గనక చక్రాన్ని వెనక్కి లాగి గొలుసు బిగించుకోవచ్చు. నిలువు గాడి ఉన్న ఈనాటి గేర్ల సైకిళ్ళలో ఆ వీలు లేదు.

గొలుసు, పళ్ళచక్రం రెండూ మన సైకిలుకు ఉన్నట్టే అంగుళంలో ఎనిమిదో వంతు వెడల్పువి తీసుకోండి. గేర్ల సైకిలుకు వాడే సన్న గొలుసు ఈ పళ్ళ మీద కూర్చోదు. పెడలును ఒక చుట్టు తిప్పి, గొలుసు అన్నిటికంటే బిగువుగా ఉన్నచోట చూసుకుంటూ, మధ్యలో అరంగుళం ఆట ఉండేలా బిగించండి. వదులైతే గొలుసు ఊడి చక్రంలో ఇరుక్కుంటుంది. క్రాంకులను పట్టుకునే కాటరు పిన్నుల మీద ఫిక్స్‌డ్ గేరులో రెండువైపులా ఒత్తిడి పడుతుంది. వాటిని తరచు చూడాలి. వీలైతే పిన్ను లేని క్రాంకులకు మారటం మేలు.

ముందు చక్రాన్నీ దాని బ్రేకునూ కదపకండి. ఆపేటప్పుడు బరువంతా ముందుకు తూలుతుంది; వెనక చక్రాన్ని కాలితో బిగబట్టి ఆపగలిగేది కొంతే. గంటకు 30 కిలోమీటర్ల వేగంలో కాలు నిమిషానికి 92 చుట్లు తిరగాలి. వాల్తేరు అప్‌లాండ్సు నుంచి బీచికి దిగేటప్పుడు వేగం 45 అయితే 137 చుట్లు! ఆ తిరుగుడును కాలు అందుకోలేకపోతే పెడలే కాలిని విసిరేస్తుంది. రాడ్డు బ్రేకు వానలో సరిగా పట్టదు, కాబట్టి వానరోజున ఇలాంటి సైకిలు బయటికి తీయకపోవటమే మంచిది. పంచె, లుంగీ, చున్నీ, వదులు పాంటు పనికిరావు. మామూలు సైకిలులో గొలుసుకు బట్ట చిక్కితే కాలు ఆపుతాం. ఇందులో చక్రం ఆగేదాకా గొలుసు ఆగదు.

ఆఖరుది ఉప్పుగాలి, రేవు దుమ్ము. ఖనిజం, బొగ్గు దుమ్ము నూనెతో కలిస్తే గొలుసును అరగదీసే ముద్దవుతుంది. నూనె వేశాక పైపైన తుడిచేయాలి. కొబ్బరినూనె వద్దు, జిగురు కడుతుంది. చక్రం కట్టించేటప్పుడు స్పోకు మరలకూ, సీటు గొట్టానికీ కాస్త గ్రీజు పట్టించమనండి. లేకపోతే రెండేళ్ళకు ఏ పానాకూ లొంగవు.

ఫ్రీవీలూ బ్రేకూ రెండూ లేని సైకిలుకు న్యాయమైన చోటు ఒకటుంది. 2002 జాతీయ క్రీడలకోసం హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆవరణలో కట్టిన వెలోడ్రోములాంటిది. అక్కడ అందరూ ఒకే దిక్కుకు పోతారు, ఎవరూ హఠాత్తుగా ఆగరు; బ్రేకు ఉంటేనే ప్రమాదం. 1948లో జపానులో కొకురాలో మొదలైన కైరిన్ పందేలూ ఆ పద్ధతిలోనివే. గాజువాక రోడ్డు మీద లారీలు ఆ నియమం పాటించవు.

సైకిలు సామాన్లకు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల షాపుల్లో వాడే పేర్లు పోగుచేస్తున్నాను. మీ వైపు ఫ్రీవీలు నాలుకను ఏమంటారో, అడ్డతొక్కుడుకు ఇంకో పేరేమైనా ఉందో, తెలిసినవారు చెబితే సంతోషిస్తాను.